సీపీఎస్ టీచర్ల కుటుంబాలకు ఫ్యామిలీ పెన్షన్ కోసం కొట్లాడిన మన సారుకు దండాలు

నల్లగొండ లెక్కల సార్:

అందరికీ నమస్తే. మన పాత జిల్లా అధ్యక్షుడు సారు ఈ నెల సంఘం బాధ్యతల నుంచి పూర్తిగా తప్పుకున్నారు. సన్మానం వద్దన్నారు, శాలువా వద్దన్నారు, తన పేరు ఎక్కడా రాయొద్దని కూడా గట్టిగా చెప్పారు. అందుకే పేరు లేకుండానే రాస్తున్నా. ఏ సంఘమో కూడా రాయను. తన దగ్గరికి ఫైలు పట్టుకుని వచ్చినవాళ్లను ఆయన ఏనాడూ నువ్వు ఏ సంఘం అని అడగలేదు.

సారు 398 రూపాయల స్పెషల్ టీచర్‌గా మొదలై తర్వాత రెగ్యులర్ అయ్యారు. ఆయనకు పాత పెన్షన్ ఉంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన మనకు లేదు, మనది సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం). మూలవేతనం, డీఏ కలిపి అందులో 10 శాతం మన జీతంలో కోస్తారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, రిటైర్ అయ్యాక 60 శాతం చేతికిచ్చి 40 శాతంతో యాన్యుటీ (బీమా కంపెనీ నెలనెలా ఇచ్చే పెన్షన్) కొనిపిస్తారు. ఇదంతా అందరికీ తెలుసు. సర్వీసులో ఉండగానే మనిషి పోతే ఏంటన్నది మాత్రం చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. అప్పుడు లెక్క తిరగబడుతుంది. ప్రాన్ ఖాతాలో (మన పెన్షన్ నంబరు మీదున్న ఖాతా) ఉన్నదాంట్లో 80 శాతం యాన్యుటీకి పోతుంది, ఇంటివాళ్ల చేతికి 20 శాతమే. అయిదారేళ్ల సర్వీసుతో పోయిన ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఖాతాలో ఎంత ఉంటుంది, దాని మీద నెలకు ఎంత వస్తుంది, మీరే ఆలోచించండి.

ఒకే స్టాఫ్‌రూంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు పోతే, 2003లో చేరినాయన భార్యకు నెలనెలా ఫ్యామిలీ పెన్షన్, దాని మీద డీఏ. 2005లో చేరినాయన భార్యకు ఆ చిన్న యాన్యుటీ. సారుకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. 2018లో పీఆర్సీ (వేతన సవరణ) కమిషన్ వేసినప్పటి నుంచి ప్రతి వినతిపత్రంలో ఫ్యామిలీ పెన్షన్ డిమాండ్‌ను మొదటి పేజీలోనే పెట్టించారు. ఫిట్‌మెంట్ (జీతం పెంపు శాతం) ముందు, ఇది తర్వాత అన్నవాళ్లతో మీటింగుల్లో గట్టిగా వాదించేవారు. చివరికి 2021 మార్చి 22న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో 30 శాతం ఫిట్‌మెంట్‌తో పాటు, సీపీఎస్ ఉద్యోగి సర్వీసులో చనిపోతే కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ ఇస్తామని ప్రకటించారు. ఆ జూన్‌లో ఉత్తర్వులు వచ్చాయి.

ఒక్క సారు వల్లే వచ్చిందని అనను. రాష్ట్రంలో ఎన్నో సంఘాలు, ఎందరో కొట్లాడారు. కానీ మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఎవరు కొట్లాడారని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చే మనిషి ఆయన. ఆయనతో పనిబడ్డవాళ్లు, ఆయనను చూసినవాళ్లు ఇక్కడ రాయండి. అన్నీ ప్రింట్ తీసి ఆయన చేతిలో పెడతా.

దేవరకొండ ఎస్‌జీటీ:

అన్నా, మంచి పని చేశావు. సారు నోట్‌బుక్ సంగతి రాయలేదేం? నీలం అట్ట పొడుగు నోట్‌బుక్, రెగ్జిన్ సంచిలో ఎప్పుడూ ఉండేది. అందులో సర్వీసులో పోయిన సీపీఎస్ టీచర్ల పేర్లు. ఒక్కో పేరు ఎదురుగా స్కూలు, మండలం, ప్రాన్ నంబరు, నామినీ ఎవరు, పిల్లలు ఏ క్లాసు. ఆ పిల్లల క్లాసు గడిని ప్రతి జూన్‌లో కొట్టేసి కొత్తది రాసేవారు. ఐదు కొట్టి ఆరు, ఆరు కొట్టి ఏడు. ఎందుకు సార్ ఇదంతా అని అడిగితే, "మంత్రి దగ్గరికి పోయినప్పుడు ఇంతమంది చనిపోయారంటే తల ఊపుతరు. ఈ పిల్ల ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది సార్ అంటే కాగితం చేతిలకు తీసుకుంటరు" అన్నారు.

మా చందంపేట దిక్కు కృష్ణ ఒడ్డు ఊర్లకు బస్సు పొద్దున ఒకటి, మాపున ఒకటి. అక్కడికి కూడా వచ్చి ఆ కుటుంబాలతో కూర్చుని రాసుకుని పోయారు.

పాలమూరు బిడ్డ:

నమస్కారం అందరికీ. నేను టీచర్ని కాదు, టీచర్ కూతుర్ని. నాన్న 2022లో గుండెపోటుతో పోయారు. పదహారేళ్ల సర్వీసు. అమ్మ బయట పనులు ఎప్పుడూ చూసుకోలేదు, నాకప్పుడు పదో తరగతి పరీక్షలు.

నాన్న ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్లి కాలేదు. అందుకని నామినీగా నాయనమ్మ పేరు పెట్టారు, తర్వాత మార్చలేదు. ఆ కాగితం చూపించి ఒక ఆఫీసులో అమ్మను ఉత్త చేతులతో పంపారు. డబ్బులన్నీ ముసలామెకే పోతాయని, మీకు పెన్షన్ కూడా రాదని చెప్పారు. ఇంట్లో అమ్మకూ నాయనమ్మకూ మాటలు బంద్ అయ్యాయి. నాన్న పోయిన బాధ ఒకటి, ఇదొకటి.

ఎవరో నంబరు ఇస్తే సారుకు ఫోన్ చేశాను. మర్నాడే నల్లగొండ నుంచి పాలమూరు వచ్చారు. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చెప్పారు. ప్రాన్ నామినేషన్ వేరు, ఫ్యామిలీ పెన్షన్ వేరు. ఫ్యామిలీ పెన్షన్ రూల్ ప్రకారం ముందు భార్యకే వస్తుంది, నామినీ కాగితంలో ఎవరి పేరున్నా సరే. నాయనమ్మతో "అమ్మా, నీ కొడుకు పేరు మీద వచ్చే పైసలు నీ ఇంట్లకే వస్తయి, కోడలు చేతుల నుంచి నీ పళ్లెంలకే వస్తయి" అన్నారు. నాయనమ్మ ఆ రోజే సంతకం పెట్టింది.

తర్వాత ఫారాలు నింపేటప్పుడు పుట్టుమచ్చలు రాయాలి కదా, అమ్మవి రెండు, వేలిముద్రలు, మూడు చోట్ల నమూనా సంతకాలు. అమ్మ చెయ్యి వణికి ఒక్కో సంతకం ఒక్కో తీరుగా వచ్చింది. సారు తెల్ల కాగితం ఇచ్చి, బ్యాంకులో పెట్టినట్టే పెట్టు తల్లీ, తొందరేం లేదు అని పక్కన కూర్చుని పేజీ నిండేదాకా రాయించారు. ఇప్పుడు నెల మొదట్లో పెన్షన్ పడుతోంది. ఏడేళ్ల దాకా ఆఖరి మూలవేతనంలో సగం, ఆ తర్వాత 30 శాతం అని సారే విడమరిచి చెప్పారు. నేను బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. ఆ పైసలతోనే.

సారూ, మీరు ఇది చదివితే, అమ్మ మిమ్మల్ని దసరాకు రమ్మని చెప్పమంది.

కల్వకుర్తి టీచరమ్మ:

బిడ్డా, బాగా చదువుకో. నువ్వు రాసింది చదివి కళ్లల్ల నీళ్లు తిరిగినయి. అందరూ ఇవాళే మీ ప్రాన్ నామినేషన్ తీసి చూసుకోండి. పెళ్లికి ముందు చేరినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అమ్మ పేరో నాన్న పేరో ఉంది. వాళ్లు కాలం చేసినా అట్లనే ఉంది.

2003 బ్యాచ్:

సారు మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఈ దండాల పోస్టు చూస్తే మనసు ఒప్పడం లేదు, ఉన్నమాట రాస్తున్నా. మా డీఎస్సీ నోటిఫికేషన్ 2003 నవంబర్‌లో వచ్చింది, సీపీఎస్ పుట్టకముందే. ఉద్యోగాలు ఇచ్చేసరికి 2005 అయింది. ఆలస్యం మాది కాదు, శిక్ష మాకు. కేంద్రం 2023 మార్చి 3న మెమో ఇచ్చింది. 2003 డిసెంబర్ 22 కంటే ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరినవాళ్లకు పాత పెన్షన్‌కు మారే అవకాశం ఇచ్చింది. అది కేంద్ర ఉద్యోగులకు. మేం ఇంకా కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం.

చనిపోతే పెన్షన్, బతికి ఉంటే లేదు. ఇది చేదు మాటే, కానీ నిజం. బతికి రిటైర్ అయ్యే మనిషి సంగతేంటి? ఖాతాలో 20 లక్షలు ఉన్నాయనుకోండి. 12 లక్షలు చేతికి, 8 లక్షలకు యాన్యుటీ. ఆరున్నర శాతం లెక్కన నెలకు నాలుగు వేల మూడు వందలు. దాని మీద డీఏ లేదు, పదేళ్లయినా అదే నాలుగు వేలు. పాత పద్ధతిలో 33 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి మూలవేతనంలో సగం. 70 వేల మూలవేతనంతో 17 ఏళ్ల సర్వీసుకే రిటైరైనా దామాషాలో 18 వేలు, పైన డీఏ. పిల్లల పెళ్లిళ్లకో ఇంటి అప్పుకో ఆ 12 లక్షలు పోయాక ఏం తిని బతకాలి? సగం గెలుపుకు సంబరం చేసుకుంటే మిగతా సగం ఎవరు అడుగుతారు?

నల్లగొండ లెక్కల సార్:

అన్నా, నీ లెక్క తప్పని ఎవరూ అనరు, లెక్కల టీచర్‌గా నేను అసలే అనను. సారు కూడా సెప్టెంబర్ 1న పెన్షన్ విద్రోహ దినం జరిపిన ప్రతిసారీ నల్ల బ్యాడ్జీ పెట్టుకుని మనతో నిలబడ్డారు, తనకు పాత పెన్షన్ ఉండి కూడా. 2021 ఉత్తర్వులు వచ్చిన రోజు మేం స్వీట్లు తెస్తే తిన్నారు, తిని వెంటనే బతికున్నోళ్ల సంగతి ఎప్పుడని అడిగారు. ఆయనకు దండం పెట్టడం అంటే కొట్లాట ఆపినట్టు కాదు కదా.

మిర్యాలగూడ రిటైర్డ్ హెచ్‌ఎం:

ఇద్దరూ చెప్పిందీ విన్నాను. నేను పాత పెన్షన్ తీసుకుంటున్నవాడిని కనుక నా మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి.

డిసెంబర్ 17న పెన్షనర్స్ డే ఎందుకు జరుపుతామో కొత్తవాళ్లలో చాలామందికి తెలియదు. రక్షణ శాఖలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా అనే ఉద్యోగి సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేంద్రం 1979లో పెన్షన్ లెక్కను మెరుగుపరిచి, ఆ ఏడాది మార్చి 31న, ఆ తర్వాత రిటైరైనవాళ్లకే వర్తిస్తుందంది. అంతకు ముందు దిగినవాళ్లు ఏం పాపం చేశారన్నది ఆయన ప్రశ్న. 'కామన్ కాజ్' సంస్థ కూడా ఆ కేసులో కలిసింది. అయిదుగురు జడ్జీల ధర్మాసనం 1982 డిసెంబర్ 17న ఒక తేదీ గీసి పెన్షనర్లను రెండు ముక్కలు చేయడం చెల్లదని చెప్పింది. పెన్షన్ యజమాని దయ కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని చెప్పిన తీర్పు అదే. ఆ ఒక్క మనిషి వల్ల లక్షల మంది అన్నం తిన్నారు. ఆయన ముఖం కూడా చూడని నాలాంటివాళ్లు ఏటా ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. ఇందులో తప్పేమీ లేదు.

మన సారు సంగతీ అంతే. 2004 సెప్టెంబర్ 1 అనేది కూడా గీసిన గీతే. గీతకు ఇవతల హాయిగా ఉన్న మనిషి అవతలివాళ్ల కోసం ఫైలు మోయడం నా సర్వీసులో చాలా తక్కువ చూశాను. మా తరంలో చాలామంది, నాతో కలిపి, సీపీఎస్ వచ్చినప్పుడు మనకేం కాదులే అని ఊరుకున్నాం. ఆయన ఊరుకోలేదు. 2003 బ్యాచ్ తమ్ముడి కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని వినతిపత్రంగా రాసిపెట్టినవాళ్లలో సారు కూడా ఒకరు. నాకు తెలుసు, ఆ డ్రాఫ్టు నేను చదివాను.

2003 బ్యాచ్:

సార్, మా కేసు పేపర్లు ఆయన చూశారని నాకు తెలుసు. ఆయన్ను తక్కువ చేయడం లేదు. హిమాచల్‌లో ముఖ్యమంత్రి సుఖు 2023 జనవరి 13న మొదటి కేబినెట్ మీటింగులోనే పాత పెన్షన్‌కు ఒప్పుకున్నారు. రాజస్థాన్‌లో అప్పటి ముఖ్యమంత్రి గెహ్లాట్ 2022 బడ్జెట్‌లోనే చెప్పారు. అక్కడ సంతకం పెట్టగలిగినవాళ్లే సంతకం పెట్టారు. మన దగ్గర సంతకం పెట్టే అధికారం లేని ఒక టీచర్ ఇంత చేయాల్సి వచ్చింది. నా బాధ అదీ. దండం పెట్టేవాళ్లలో నా పేరు కూడా రాయండి.

కొత్త టీచర్ 2024:

నమస్తే సార్, నేను డీఎస్సీ 2024లో వచ్చాను, నారాయణపేట జిల్లా. చేరిన మొదటి నెలలోనే ప్రాన్ ఫారం ఇచ్చారు, అందరితో పాటు నేనూ సంతకం పెట్టేశాను. యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీం) అని కేంద్రం ఇంకొకటి తెచ్చింది కదా, అది మాకు వర్తిస్తుందా? ఫ్యామిలీ పెన్షన్ మాలాంటి కొత్తవాళ్లకు కూడా ఉంటుందా?

నల్లగొండ లెక్కల సార్:

తమ్మీ, యూపీఎస్ 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు. 25 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం గ్యారంటీ అంటున్నారు. రాష్ట్రాలు కావాలంటే తీసుకోవచ్చు గానీ దానంతట అది మనకు రాదు. సంఘాలు కూడా అది కాదు, పాత పెన్షనే కావాలంటున్నాయి. ఫ్యామిలీ పెన్షన్‌కు సర్వీసు తక్కువని భయపడకు, సీపీఎస్ కింద సర్వీసులో ఉన్నవాళ్ల కోసమే ఆ ఉత్తర్వులు. నువ్వు చేయాల్సింది ఒకటే. సర్వీస్ రిజిస్టర్‌లో కుటుంబ సభ్యుల వివరాలు రాయించు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక మళ్లీ రాయించు, ఎంట్రీ పక్కన సంతకం పడిందో లేదో నీ కళ్లతో చూడు. సారు ప్రతి కొత్త బ్యాచ్‌కు మొదటి మీటింగ్‌లో చెప్పే మాట ఇదే.

మన్ననూరు ఎస్‌జీటీ:

అందరూ సారు గురించి రాస్తుంటే నాకు ఒక పని గుర్తొచ్చి అడుగుతున్నా. మా పక్క స్కూల్ టీచర్ పోయిన నెల బైక్ యాక్సిడెంట్‌లో చనిపోయాడు. మండల పరిషత్ స్కూల్, పదకొండేళ్ల సర్వీసు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, చెంచు గూడేల దగ్గరి ఊరు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు, మాకూ సరిగ్గా తెలియదు. సారు తప్పుకున్నారంటున్నారు, ఇప్పుడు ఎవరిని అడగాలి?

దేవరకొండ ఎస్‌జీటీ:

అన్నా, నేను సారు వెంట తిరిగి నేర్చుకున్నా, చెప్తా. ముందు డెత్ సర్టిఫికెట్, కాపీలు ఎక్కువ తీసిపెట్టండి. మీ సేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు వెంటనే అప్లై చేయండి, తహసీల్దార్ నుంచి అది రావడానికే టైం పడుతుంది, మిగతావన్నీ దాని మీదే ఆగుతాయి. పిల్లల పేర్లు ఆధార్‌లో ఒక తీరు, సర్వీస్ రిజిస్టర్‌లో ఒక తీరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మండల పరిషత్ టీచర్ కాబట్టి ఫైలు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకు పోదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) నుంచి జిల్లా ఆడిట్ ఆఫీసుకు పోతుంది. గవర్నమెంట్ స్కూల్ అయితేనే హైదరాబాద్ ఏజీ. ఈ తేడా తెలియక ఫైళ్లు తప్పుదారి పట్టి నెలలు పోయిన కేసులు సారు నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ప్రాన్ డబ్బులు తీసుకునే ఫారం మీద తొందరపడి సంతకం పెట్టించకండి. ముందు ఫ్యామిలీ పెన్షన్‌కు ఆప్షన్ రాతపూర్వకంగా ఇప్పించి, రసీదు తీసుకోండి. పదకొండేళ్లు కాబట్టి మొదటి ఏడేళ్లు సగం మూలవేతనం వస్తుంది. గ్రాట్యుటీ, జీఐఎస్ (గ్రూపు బీమా), జీవిత బీమా, మిగిలిన సంపాదిత సెలవుల డబ్బు, అన్నీ వేర్వేరు దరఖాస్తులు. ఆమె చదువు ఎంతవరకు? కారుణ్య నియామకానికి ఏడాదిలోపు దరఖాస్తు పడాలి, అది మరిచిపోవద్దు.

కల్వకుర్తి టీచరమ్మ:

మన్ననూరు తమ్మీ, నాకు అచ్చంపేట దగ్గరే. ఆమెతో పాటు ఆఫీసులకు నేను పోతా. ఆడమనిషి పక్కన ఉంటే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది. సారు దగ్గర ఈ పనులు చేసినవాళ్లు మండలానికి ఒకరిద్దరైనా ఉన్నారు కదా, వాళ్ల నంబర్లన్నీ లెక్కల సార్ ఒక చోట పెడితే బాగుంటుంది. ఇక్కడ అందరికీ కనబడేలా వద్దు, అడిగినవాళ్లకు విడిగా ఇవ్వండి.

మన్ననూరు ఎస్‌జీటీ:

అక్కా, చాలా థాంక్స్. ఆమె డిగ్రీ పాసైంది. చిన్నోడి పేరు సర్వీస్ రిజిస్టర్‌లో అసలే ఎక్కలేదు, పెద్దదాని పేరొక్కటే ఉంది. ఇది ఇబ్బంది అవుతుందా?

మిర్యాలగూడ రిటైర్డ్ హెచ్‌ఎం:

కాదు. బాబు బర్త్ సర్టిఫికెట్ పెట్టండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో వాడి పేరు తప్పకుండా ఉండేలా చూడండి, దాన్ని ఫైలుకు జత చేస్తే సరిపోతుంది. ఎవరైనా కొర్రీ వేస్తే రాతలో వేయమనండి, నోటిమాట మీద వెనక్కి రావద్దు.

నల్లగొండ లెక్కల సార్:

నంబర్ల సంగతి రేపటికల్లా చూస్తా అక్కా. ఈ పోస్టులన్నీ పొద్దున ప్రింట్ తీసి సారు ఇంటికి తీసుకుపోయా. పాలమూరు బిడ్డ రాసింది రెండుసార్లు చదివారు. దసరాకు తప్పకుండా వస్తానని వాళ్ల అమ్మకు చెప్పమన్నారు. 2003 బ్యాచ్ అన్నా, నీ కేసులో తర్వాతి వాయిదా ఎప్పుడో కనుక్కోమన్నారు. మన్ననూరు కేసు దగ్గరికి వచ్చేసరికి నీలం నోట్‌బుక్ తెప్పించి నా చేతికిచ్చి, ఇక నువ్వే రాయి అన్నారు. తమ్మీ, ఆ టీచర్ పేరు, స్కూలు, ప్రాన్ నంబరు, పిల్లలు ఏ క్లాసో నాకు విడిగా పంపు. సోమవారం ఎంఈఓ ఆఫీసులో మొదటి దరఖాస్తు పడాలి.